ముహంగి తెచ్చిన ఆకు పొట్లం

బ్విండీ అడవిలో గొరిల్లాల జాడ తీసే ముహంగికి యాభై ఎనిమిదేళ్లు. ఇరవై రెండేళ్లుగా ఒకే గొరిల్లా కుటుంబం వెంట నడుస్తున్నాడు. నేను ఆ గొరిల్లాల వైద్యురాలిని. నాకు సూక్ష్మదర్శినిలో దొరికే సంగతులు ఆయనకు నలిగిన ఆకులోనే దొరుకుతాయి.

ఆ వారం నా బెంగంతా ఒక తల్లి గొరిల్లా గురించే. కాన్పయి మూడు వారాలైంది. రెండు రోజులుగా గుంపుకు దూరంగా పొదల్లో ఉంటోంది. బిడ్డ పాలు తాగుతోందో లేదో తెలియదు. తాగకపోతే తల్లికి మత్తు సూది వేసి చూడాలి; అందుకు ఒక బృందం సిద్ధంగా ఉంది. ఆ హడావిడిలో బిడ్డ ప్రాణానికే ముప్పు రావచ్చు.

పొద్దున్నే బూట్లు తొడుక్కుని కాపలా గుడిసెకు వెళ్లాను. ముహంగి అంబలి తాగుతూ నా వైపు చూశాడు.

"మీ పాపకి దగ్గు తగ్గిందా డాక్టరమ్మా?"

"కాస్త."

"మరి మీ గొంతేంటి, బొంగురుపోయింది?"

"నిద్ర చాలక, బాబాయ్. నాకేం లేదు."

"నేనూ అదే చెప్పా. అయినా ఒక్క తుమ్ముకి మీరు నన్ను నాలుగు రోజులు ఇంట్లో కూర్చోబెట్టారు. మా ఆవిడ చిలగడదుంపల చేనంతా నాచేత తవ్వించింది. ఇప్పుడు మీ వంతు. కూర్చోండి."

మన జలుబు గొరిల్లాలను చంపగలదు. ఆ మాట అందరికీ పాఠంలా చెప్పింది నేనే.

"చూడకుండా సూది వద్దని ఎలా చెప్పను?"

"చూసే పని నాది," అని కొడవలి తీసుకుని కొండెక్కిపోయాడు.

మధ్యాహ్నం దాటాక వానలో తడిసి వచ్చాడు. పది అడుగుల దూరంలో ఆగి, ఆకు పొట్లం ఒకటి మొద్దు మీద పెట్టి వెనక్కి జరిగాడు.

"తల్లి కనబడలేదు. గొరిల్లాల్లాగే గొంతు సవరించినట్టు పలకరించా. పొదలోంచి బదులు పలికింది గానీ దగ్గరికి రానివ్వలేదు. నేనూ పట్టుబట్టలేదు. అది రాత్రి పడుకున్న ఆకుల పడక వెతికి, అందులోంచి ఇది తెచ్చా."

పొట్లం విప్పాను. తల్లి పేడ పక్కన చిటికెన వేలి గోరంత ముద్ద. పసుప్పచ్చగా, మెత్తగా ఉంది.

పాలు తాగే బిడ్డదే!

వెంటనే రేడియోలో సూది బృందాన్ని ఆగమని చెప్పాను. మోచేత్తో కళ్లు తుడుచుకున్నాను.

"పేడ చూసి కళ్లనీళ్లు పెట్టుకునే మనిషిని ఇప్పుడే చూస్తున్నా," అన్నాడు ముహంగి.

"రేపు కూడా తెస్తారా, బాబాయ్?"

"మీ గొంతు బాగయ్యేదాకా రోజూ తెస్తా. ముందు దాన్ని సీసాలో పెట్టండి, చీమలొస్తున్నాయ్."