దారం కట్టిన పత్తి పువ్వు

ఈ ఉదయం నేను బడికి వెళ్ళే చీరాల బస్సు, చీమకుర్తి బండరాళ్ళు మోసుకుపోతున్న లారీ వెనక చిక్కుకుపోయింది. మా డ్రైవరు హారన్ మీద నుంచి చెయ్యి తీయడం లేదు. నేను ఫోన్‌లో టీచర్ల హాజరు యాప్ తెరిచి పెట్టుకుని, లారీ తోలేవాణ్ణి, రోడ్డు వేసినవాణ్ణి, ఆ యాప్ కనిపెట్టినవాణ్ణి వరసగా మనసులో తిట్టుకుంటున్నాను. అప్పుడు మా పక్కన ఆగిన పత్తి లారీలోంచి ఒక పింజ లేచి, కిటికీలోంచి దూరి, నా ఫోన్ మీద వాలింది. విసుగ్గా ఊదబోయి ఆగాను. దానికి ఇంకా ఒక గింజ అంటుకునే ఉంది. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. పత్తికి వాసన ఉంటుందని మీలో ఎంతమందికి తెలుసో నాకు తెలీదు. ఉంటుంది. ఎండిన ఆకు పొడి, పచ్చి గింజలోని నూనె, మధ్యాహ్నపు ఎండ కలిసిన వాసన అది. నాకు మాత్రం అందులో మా సువార్తత్త చీర చెంగు వాసన కూడా ఉంటుంది.

మా చిన్నప్పుడు అర్ధ సంవత్సర పరీక్షలు అయిపోయి క్రిస్మస్ సెలవులు ఇచ్చేసరికి ఊరంతా పత్తి అయిపోయేది. రైతుల ఇళ్ళలో వసారాలు నిండి, పడగ్గదులు నిండి, చివరికి మంచాలు బయటకి వచ్చేవి. పెద్దవాళ్ళు చూడకుండా మేం గుమ్మం మీంచి ఆ కుప్పల్లోకి దూకేవాళ్ళం, నడుం దాకా మునిగేవాళ్ళం, ఆ రాత్రంతా ఒళ్ళు గోక్కుంటూ అమ్మ చేత చీవాట్లు తినేవాళ్ళం. ఇంటి ముందు వెదురుబద్దలు కట్టి రంగు కాగితం అంటించిన నక్షత్రం, లోపల అరిసెల పాకం వాసన, తలలో పత్తి నలకలు. క్రిస్మస్ అంటే నాకు ఇప్పటికీ ఇవే.

సువార్తత్త మా నాన్నకి చెల్లెలు. పెళ్ళయిన రెండో ఏడే భర్త పోతే మా ఇంటికి వచ్చేసింది. ఇంట్లో ఎవరూ ఆమెని ఒక్క మాట అనేవాళ్ళు కాదు గానీ, తాను తినే అన్నంలో తన చేతి కష్టం ఉండాలని అత్తకి పట్టుదల. ఆ ఊళ్ళో నాది అని చెప్పుకోవడానికి ఆమెకి ఉన్నదల్లా మార్తమ్మ కూలి ముఠాలో చోటు ఒక్కటే.

అత్తకి ఒక జబ్బుందని అందరూ అనేవాళ్ళు. చూస్తూ నిలబడిపోయే జబ్బు. పొయ్యి మీద పాలు పొంగుతుంటే గిన్నె దించకుండా, ఆ పొంగు మడతలు పడడం చూసేది. చర్చిలో పాస్టరు గారు పెద్ద ప్రార్థన ఎత్తుకున్నప్పుడు అందరం కళ్ళు మూసుకుంటే తను మాత్రం తెరిచే ఉంచేది. ఆ సంగతి నాకెలా తెలుసని అడగకండి. "కళ్ళు మూసుకుంటే మార్తమ్మ మొహంలో కూడా కోపం కనపడదే, ఎంత బాగుంటదో!" అని ఇంటికి వచ్చే దారిలో నా చెవిలో చెప్పింది.

మార్తమ్మ మా ముఠాకి మేస్త్రి. నేను పెద్దమ్మా అని పిలిచేదాన్ని. గొంతు విప్పిందంటే పక్క చేలో ఎద్దులు కూడా నడక పెంచేవి. తెల్లారకముందే ట్రాక్టరు వచ్చి వీధి చివర ఆగేది. చీరల మీద మగవాళ్ళ పొడుగు చేతుల చొక్కాలు తొడుక్కుని, సద్ది గిన్నెలు పట్టుకుని ఆడవాళ్ళంతా ఎక్కేవాళ్ళు. సెలవుల్లో నేను అమ్మ పక్కన ఇరుక్కుని కూర్చునేదాన్ని. చేలోకి దిగాక ఒక్కొక్కరికి ఒక్కో సాలు. నడుముకి ఒడి కట్టుకుని, ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా పత్తి తీసుకుంటూ పోవాలి. తమ సాలు ముగిసింది కదా అని ఎవరూ ఇంటికి పోవడానికి లేదు. ఆఖరి సాలు పూర్తయితేనే ట్రాక్టరు కదులుతుంది. అందుకని ముందు ముగించినవాళ్ళు అవతలి గట్టు నుంచి వెనక్కి తిరిగి, వెనకబడిన మనిషికి ఎదురు తీసుకుంటూ వచ్చేవాళ్ళు. మంచి పద్ధతే. కానీ రోజూ వెనకబడే మనిషి ఒక్కతే అయితే ఎవరి ఓపిక మాత్రం ఎన్నాళ్ళుంటుంది?

ఆ ఒక్క మనిషి మా అత్త అని వేరే చెప్పక్కర్లేదు.

అయినా ఆమెని భరించారంటే అది మధ్యాహ్నం అన్నాల వేళ మహిమ. తుమ్మచెట్టు కింద గిన్నెల మూతలు తీసేవాళ్ళు. గోంగూర పచ్చడి, వాడరేవు నుంచి తెచ్చిన ఎండుచేపల పులుసు, మజ్జిగన్నంలోకి కొరుక్కునే పచ్చిమిరపకాయలు ఆ చేతి నుంచి ఈ చేతికి మారేవి. రెండు ముద్దలు లోపలికి పోయాక అత్త పక్కన కూర్చునే కోటమ్మ అడిగేది: "ఏమే సువార్తా, ఇయ్యాల ఏం చూశావే?" అత్త చెప్పేది. పత్తికాయ పగిలేటప్పుడు అరలన్నీ ఒక్కసారి విచ్చుకోవనీ, ఒకటి ముందు తొంగి చూసి, ఫరవాలేదనుకున్నాకే మిగతావి వస్తాయనీ చెప్పేది. సాలెగూట్లో పడిన మంచుబొట్టులో చేనంతా తలకిందులుగా కనపడిందని చెప్పేది. వాళ్ళు నవ్వేవాళ్ళు, వెక్కిరించేవాళ్ళు, కానీ ముద్ద నోట్లో పెట్టుకోవడం మర్చిపోయి వినేవాళ్ళు.

ఒకరోజు పత్తి పువ్వు మీద వాదన వచ్చింది. పొద్దున విచ్చుకున్నప్పుడు అది వెన్న రంగులో ఉంటుంది, మర్నాటికి గులాబీ రంగుకి తిరుగుతుంది. పత్తి చేలో పుట్టి పెరిగిన వాళ్ళకి ఇదేం వింత కాదు.

"మారిద్దని నాకూ తెలుసు. మారతా ఉండగా చూసిందెవరు?" అంది అత్త.

మిట్టమధ్యాహ్నం ఎండకి మారిద్దని కోటమ్మ అంది. కాదు, మనం నిద్దరపోయాక మారిద్దని మా అమ్మ అంది. మార్తమ్మ చెయ్యి కడుక్కుంటూ, "పువ్వెప్పుడు మారితే నీకేందే? నీ సాలెప్పుడు కదిలిద్దో చెప్పు" అంది.

మర్నాడు అత్త తన నీలం చీర అంచులోంచి ఒక పోగు లాగి, అప్పుడే విచ్చుకున్న పువ్వు తొడిమకి కట్టింది. నాలుగు చెట్లు ముందుకి పోవడం, మళ్ళీ వెనక్కి వచ్చి చూడడం. పొద్దు వాలేసరికి మిగతా సాళ్ళన్నీ అయిపోయాయి, అత్త సాలు సగంలో ఉంది. ఎదురు తీసుకుంటూ వచ్చినవాళ్ళు ఆమె దగ్గరికి చేరేసరికి, అత్త సగం నిండిన ఒడితో ఆ పువ్వు ముందు గొంతుక్కూర్చుని ఉంది. "వదినా, అంచు చూడు! కొంచెం ఆగితే మారిద్ది, ఒక్క రవ్వ ఆగండే" అని అమ్మ చెయ్యి పట్టుకుంది. అవతల ట్రాక్టరు హారన్ కొడుతోంది. ఇళ్ళ దగ్గర నీళ్ళు పట్టాలి, పొయ్యిలు రాజెయ్యాలి, పిల్లలు ఆకలితో ఉంటారు.

"నీ ఒక్క పువ్వు కోసం ఇంతమంది పిల్లలు పస్తుండాలా? రేపట్నించి నువ్వు రామాక" అంది మార్తమ్మ.

ఆమె కోపంలో న్యాయం లేదని ఇప్పటికీ అనలేను. అత్త ఒడి విప్పుకుని ట్రాక్టరెక్కింది. తెల్లారి మేం బయల్దేరుతుంటే గుమ్మంలో నిలబడి తన ఒడిగుడ్డ మడత పెడుతోంది. మడత పెట్టింది, విప్పింది, మళ్ళీ మడత పెట్టింది. నాకు ఏడుపొచ్చింది.

ఆ రోజు సాళ్ళన్నీ చకచకా సాగాయి. మధ్యాహ్నం తుమ్మచెట్టు కింద గిన్నెల చప్పుడు తప్ప ఏమీ లేదు. కోటమ్మ అలవాటు కొద్దీ "ఏమే..." అని తల తిప్పి, పక్కన ఖాళీ చూసి ఊరుకుంది. కాసేపటికి ఆమే, "ఇంతకీ ఆ పువ్వేమైందో ఎవురన్నా చూశారా?" అంది. అందరం లేచి వెళ్ళాం. నీలం దారం కట్టిన పువ్వు నిండు గులాబీ రంగులో ముడుచుకుని ఉంది. మారింది. ఎప్పుడు మారిందో చెప్పే మనిషి మాత్రం అక్కడ లేదు.

తర్వాతి రోజుల్లో నేనొక తమాషా కనిపెట్టాను. సాళ్ళ వెంట తిరుగుతుంటే ఒక పువ్వుకి పసుపుపచ్చ దారం కనిపించింది. అది కోటమ్మ చీరది. ఇంకో చోట ఎర్ర దారం. మా అమ్మ సాల్లో కూడా ఒకటి ఉంది, ఆకు కింద దాచి మరీ కట్టింది. ఒకళ్ళకి తెలియకుండా ఒకళ్ళు కట్టుకున్నారన్నమాట. సంబరంగా వెతుక్కుంటూ పోతే అన్నింటికంటే ముందున్న సాల్లో, ఒక లేత పువ్వుకి ఆకుపచ్చ దారం. ఆకుపచ్చ అంచు చీర మా ముఠాలో ఒక్కరికే ఉంది.

"పెద్దమ్మా, ఇది నీ చీర దారమే కదా?" అని అరిచాను.

చేనంతా నడుములెత్తి చూసింది. మార్తమ్మ నన్ను కొడుతుందనే అనుకున్నాను. ఆమె చెంగుతో మొహం తుడుచుకుంది. "అవునే, నాదే. అయితే ఏంది? మేస్త్రి పువ్వు చూడకూడదా?" అంది. ముందు కోటమ్మ నవ్వింది, ఆ తర్వాత ఎవరూ ఆగలేదు.

ఆ సాయంత్రం మా ఇంటి ముందు ట్రాక్టరు ఆగింది. మార్తమ్మ కిందకి దిగలేదు, పైనుంచే కేకేసింది. "ఏమే సువార్తా! రేపు పెందలాడే తయారవ్వు. సాలు వెనకబడితే ఎదురొస్తాంలే." అత్త లోపలికి వెళ్ళి మడత పెట్టిన ఒడిగుడ్డ తీసి దులిపింది.

పత్తి తీత ముగిసిన రోజు ట్రాక్టరుని ఆపించి, అందరం ఒక పువ్వు చుట్టూ కూర్చున్నాం. వెలుగు తగ్గేదాకా రెప్ప వెయ్యకుండా చూశాం. తెల్లగా ఉంది, ఇంకా తెల్లగానే ఉంది, ఆ తర్వాత చూస్తే రెక్కల అంచున గులాబీ జీర ఉంది. ఏ క్షణాన వచ్చిందో ఒక్కరమూ పట్టుకోలేకపోయాం. మేం ఉసూరుమంటుంటే అత్త మాత్రం మురిసిపోయింది. "మన కళ్ళ ముందే జరిగిందే! అయినా దొరకలా!"

అత్త పోయి చాలా కాలమైంది. ఆ చేలో ఇప్పుడు రంగు రాళ్ళు పాతిన ఇళ్ళ స్థలాలున్నాయి, తుమ్మచెట్టు లేదు. పత్తి తీయడానికి ఎక్కడెక్కడి నుంచో ఆటోల్లో వస్తున్నారు. ఎదురు తీయడం అంటే మా బడి పిల్లలకి తెలీదు. పత్తిని పడగ్గదుల్లో పోసే ఇల్లు కూడా ఈమధ్య ఎక్కడా చూడలేదు.

చివరికి లారీ పక్కకి జరిగింది. మా పుట్టినూరి సెంటర్లో బస్సు దిగి, బడికి పోయే ఆటో వైపు పరుగెత్తబోయాను. బస్టాండు బల్ల మీద మార్తమ్మ పెద్దమ్మ కూర్చుని ఉంది. కళ్ళకి పొర కమ్మి ఇప్పుడు వెలుగూ నీడా తప్ప ఏమీ ఆనవు. నా చెప్పుల చప్పుడు గుర్తుపట్టి రోజూ అడిగే మాటే అడిగింది.

"ఏమే, ఇయ్యాల ఏం చూశావే?"

రోజూ అయితే సాయంత్రం చెప్తానని పరుగెత్తేదాన్ని. ఇవాళ పక్కన కూర్చుని, ఆ పింజని ఆమె అరచేతిలో పెట్టాను. వేళ్ళతో తడిమింది, వాసన చూసింది, మొహమంతా విచ్చుకుంది. లారీలోంచి ఎలా లేచిందో, కిటికీలోకి ఎలా వచ్చిందో చెప్పాను.

"ఎగిరేటప్పుడు గింజ పైకుందా, కిందకుందా?"

"చూళ్ళేదు పెద్దమ్మా."

"బాగా గుర్తు తెచ్చుకో."

ఆటో అబ్బాయి హారన్ కొట్టాడు. టైమైపోయింది మేడమ్ అని అరిచాడు. నేను లేవబోయాను. మార్తమ్మ పెద్దమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుని, ఆ చప్పుడు వచ్చిన వైపు తిరిగి, ఒకప్పుడు చేను చేనంతా వినపడిన గొంతుతో కేకేసింది.

"ఆగరా అబ్బాయ్! పిల్ల చెప్తా ఉందిగా!"