నిఖత్ బేగం నవ్విన పాట

బ్లాగు అంటే ఏమిటో నౌరీన్‌కు పక్కింటి బిందు చెప్పింది. "గోడ మీద రాసినట్టే అక్కా. గా గోడ ఎవరింట్ల కూసొనైనా సూడొచ్చు." 2011లో దేవరయాంజాల్‌లో ఆ మాట ఎవరి చెవికెక్కుతుంది? నౌరీన్ మాత్రం "ఎవరు సదువుతరు? సదివితే మనకెట్ల తెలుస్తది?" అని అడిగి అడిగి ఆ పిల్ల ప్రాణం తోడేసింది.

అడగడానికి కారణముంది. అత్త షహర్ బాను ఢోలక్ పట్టిందంటే పెళ్లిల్లు దద్దరిల్లేది. కొత్త వియ్యపురాలిని ఆటపట్టించే పాటల్లో ఆమెకు సాటి లేదు. ఇప్పుడేమో డీజే డబ్బాలొచ్చాయి, పిలిచేవాళ్లు తగ్గారు. పాటలతోపాటు అత్త కూడా వాడిపోతుంటే కోడలు చూడలేకపోయింది. అత్త పాడిన ఉర్దూ పాటను తెలుగు అక్షరాల్లో రాసి, బిందు కంప్యూటర్ నుంచి బ్లాగులో ఎక్కించింది.

ఏ పెళ్లిలో పాడితే ఆ వియ్యపురాలి పేరు పాటలో కలపడం ఆనవాయితీ. మన అమాయకురాలు కిందటి పెళ్లి పాటను పేరుతో సహా పెట్టేసింది. ఆ పాటలో పేట్ బషీరాబాద్ వియ్యపురాలు నిఖత్ బేగం బిర్యానీ వండిన డేగ్చీని కొంగు కింద దాచుకుపోయిందట!

నిఖత్‌కు ఎవరో అది చదివి వినిపించారు. ఆపా అంటూ అక్కలా పిలిచే షహర్ బాను ఇంటి ముందు ఆటో దిగుతూనే అందుకుంది.

"నన్ను దొంగను జేసిన్రు! ఇగ మా ఇండ్లల్ల ఏ పెండ్లికీ నిన్ను పిలువం ఆపా!"

షహర్ బాను బిత్తరపోయింది. "ఆ దినం కడుపు పట్టుకొని నవ్వితివి గదా?"

"ఆడ అందరు నవ్విన్రు, నేనూ నవ్విన. గీ కంప్యూటర్ డబ్బాల నవ్వేడుంది? ఒట్టి నా పేరే ఉంది!"

నౌరీన్‌కు తల కొట్టేసినట్టయింది. అత్త ఢోలక్‌ను అటక ఎక్కించింది. అయ్యో, మంచి చేయబోయి ఉన్న పిలుపులు కూడా పోగొట్టానే అని కోడలు కుమిలిపోయింది.

పేరు తీసేసి, "ఇది పెళ్లిలో ఆటపట్టించే పాట. మీ వియ్యపురాలి పేరు పెట్టి, ఆమె ముందే పాడండి" అని రాసింది. ఇక చూడాలి! ముక్కూ మొహం తెలియనివాళ్లు పాట కింద రాయసాగారు. "మా వియ్యపురాలైతే పొయ్యి కూడా ఎత్తుకుపోతుంది" అని నిజామాబాద్ నుంచి ఒకావిడ. నౌరీన్ చదువుతుంటే అత్త పెదవి విచ్చుకుంది. "ఎవరు బేటా వీళ్లు? మన సుట్టాలా?" అని మళ్లీ మళ్లీ అడిగింది.

కొన్నాళ్లకు నిఖత్ ఫోన్ చేసింది.

"ఆపా, గా నిజామాబాద్ ఆమె ఎవరు? అది నా పాట! మా చిన్నదాని పెండ్లి కుదిరింది, ఢోలక్ తీస్కొని జల్దీ రా. నా పేరు మళ్ల పెట్టుమను నీ కోడల్ని." ఫోన్ పెట్టేయబోతూ అంది. "నేను నవ్విన్నని గూడ రాయుమను."