తడిగుడ్డకు ఎనభై ఒకటి

కరోనా వెనక్కి తగ్గిన తరువాతి రెండో వేసవిలో, ఏప్రిల్ మొదటి వారంలో, మా ఫ్యాక్టరీ యాజమాన్యం ముగ్గురితో ఒక కమిటీ వేసింది. సేఫ్టీ ఆఫీసరు, పర్సనల్ మేనేజరు, నేను. కొలిమి దగ్గర పనిచేసేవాళ్లకు గుండె వేగం చూపే పరికరం ఏది కొనాలో మేం తేల్చాలి. అప్పటికి పద్నాలుగేళ్లుగా నేనక్కడ మెడికల్ ఆఫీసర్ని. ఆటోనగర్‌కు అవతల, తుక్కు ఇనుము కరిగించి ఉక్కు దిమ్మెలు పోసే ఓ మోస్తరు కర్మాగారం అది. పేరు అనవసరం.

ఫ్యాక్టరీ డాక్టరంటే తలనొప్పికి బిళ్లలిచ్చే మనిషనుకుంటారు చాలామంది. అసలు పని అది కాదు. ప్రమాదకరమైన చోట పనిచేసే ప్రతి ఒక్కరినీ చేరేటప్పుడూ, తరువాత గడువు ప్రకారమూ పరీక్షించి, పనికి తగునో తగడో సంతకం పెట్టాలి. కొలిమి ముందు ఎవరు నిలబడాలన్నది ఆ సంతకంతోనే తేలుతుంది. నాకు ఆ అధికారమంటే కొంచెం గర్వంగానే ఉండేది.

మా ముందుకు రెండు రకాలు వచ్చాయి. ఒకటి ఛాతీ చుట్టూ కట్టుకునే పట్టీ. గుండె కొట్టుకునేటప్పుడు పుట్టే విద్యుత్తును అది నేరుగా పట్టుకుంటుంది. రెండోది చేతి గడియారం. దాని అడుగున పచ్చటి దీపం ఉంటుంది. ఆ వెలుగు చర్మంలోకి వెళ్లి తిరిగొచ్చేటప్పుడు, రక్తనాళాల్లో రక్తం పొంగినప్పుడల్లా కాస్త మారుతుంది. ఆ మార్పులను లెక్కగట్టి నిమిషానికి ఇన్నిసార్లని చెబుతుంది. పట్టీ కచ్చితమైనదని నాకు తెలుసు. కానీ చెమటకు ఒరుసుకుని దురద పుడుతుందని ఇద్దరు ముగ్గురు గొణిగారు. గడియారమైతే అందరికీ ముచ్చటే. పైగా పొద్దున్నే బీచ్ రోడ్డులో నడిచేటప్పుడు నేనూ అలాంటిదే పెట్టుకునేదాన్ని, దానిమీద నాకు గురి.

అయినా పరీక్ష చేయకుండా తీసుకోలేదు. ఆరుగురిని పిలిపించి, రెండూ ఒకేసారి కట్టి, మెట్టు ఎక్కించి దించి, అంకెలు పోల్చాను. తేడా రెండు మూడు దెబ్బలకు మించలేదు. ఆ పరీక్ష జరిగింది ఏసీ ఉన్న మీటింగు హాల్లో, పొడి చేతుల మీద. అప్పుడు అది నాకు తప్పుగా తోచలేదు. గడియారమని రాసి సంతకం పెట్టాను.

కొలిమి విభాగంలో షిఫ్టుకు పదకొండు మంది. అందరి అంకెలూ నా గదిలో గోడ తెర మీద పేర్లతో సహా వరుసగా కనబడేవి. డెబ్బై ఆరు, ఎనభై నాలుగు, డెబ్బై తొమ్మిది. అంత మండుటెండల్లో, అంత వేడి ముందు, ఎంత నిదానమైన గుండెలో! మా వాళ్లు వేడికి బాగా అలవాటుపడ్డారని మురిసిపోయాను. నెల తిరిగేసరికి యాజమాన్యానికి నివేదిక పంపాను, వేడి వల్ల ఒత్తిడి అదుపులో ఉందని. వారం తిరక్కుండానే షిఫ్టు మధ్యలో ఇచ్చే ఇరవై నిమిషాల విశ్రాంతిని పది నిమిషాలకు కుదించారు. నా నివేదికనే ఆధారంగా చూపించారు. నేను కాదనలేదు.

మే నెలలో ఒక ఉదయం షిఫ్టు. పదకొండు గంటలప్పుడు కొలిమి దగ్గర్నుంచి షిఫ్టు ఇన్‌చార్జి ఫోన్ చేశాడు. అప్పలరాజు గుండె దడగా ఉందంటున్నాడు, కూర్చోబెట్టాం, ఏం చేయమంటారని. అప్పలరాజు సముద్రం ఒడ్డున వేట కుటుంబంలోంచి వచ్చినవాడు. అన్నదమ్ములింకా తెప్ప మీదే ఉన్నారు. నలభై దాటినా రాయిలాంటి మనిషి. కరిగిన ఉక్కును పోసే పెద్ద బాన దగ్గర అతని పని. నేను తల తిప్పి తెర చూశాను. అప్పలరాజు, ఎనభై రెండు. మజ్జిగ తాగించి, పది నిమిషాలాగి పనిలోకి పంపమన్నాను. కుర్చీలోంచి లేవలేదు.

అరగంట కాకముందే స్ట్రెచర్ మీద మోసుకొచ్చారు. మోసిన నలుగురిలో సన్యాసి ఒకడు. అక్కడ అందరికంటే పాతవాడు. దారి పొడుగునా అతను అంటున్నది ఒకటే మాట: "లెగు బావా, లెగు."

అప్పలరాజుకు స్పృహ లేదు. మెడ మీద వేళ్లు పెట్టాను. లెక్కపెట్టలేనంత వేగం, దారమంత సన్నగా. చూస్తుండగానే అదీ అందకుండా పోయింది. మా నర్సు శారద అతని చొక్కా కత్తిరించి, తోలు చేతొడుగులు లాగేసి, చేతికున్నవన్నీ ఊడదీసి పక్కన ట్రేలో పడేసింది. నేను ఛాతీ నొక్కడం మొదలుపెట్టాను. గుండె లయను తనే చదివి, అవసరమైతేనే షాక్ ఇచ్చే పెట్టె మా దగ్గర ఉండేది. అది చదివింది, షాక్ ఇవ్వమంది. ఒకసారి ఇచ్చాం. మళ్లీ నొక్కుతుండగా అతను మూలిగాడు. నాడి తిరిగొచ్చింది. అంబులెన్సు ఎక్కించి, శారదను తోడు పంపాను.

వెనక్కొచ్చి చేతులు కడుక్కుంటూ ఎందుకో తెర వైపు చూశాను. పదకొండు పేర్లూ ఉన్నాయి. అప్పలరాజు, ఎనభై ఒకటి.

మనిషి అంబులెన్సులో ఉన్నాడు. గడియారం ఎక్కడుందో నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. తరువాత ట్రేలోకి చూశాను. తడిపి చుట్టిన పాత తువ్వాలు ముక్క, దాని చుట్టూ బిగించి ఉన్న గడియారం. అడుగున పచ్చదీపం వెలుగుతోంది. నేను చూస్తుండగానే ఎనభై ఒకటి కాస్తా డెబ్బై తొమ్మిదయింది. మళ్లీ ఎనభై. తడిగుడ్డకు గుండె కొట్టుకుంటోంది. ముప్ఫై ఏళ్ల వైద్యంలో చావులు చూశాను గానీ, అంత భయం ఎప్పుడూ వేయలేదు.

వెంటనే కొలిమి దగ్గరకు వెళ్లి మిగతా పదిమందినీ చేతొడుగులు తీయమన్నాను. పదిమందికీ తడిగుడ్డ మీదే గడియారం ఉంది. చొక్కా చేతికీ తోలు తొడుగుకూ మధ్య సందులోంచి నిప్పురవ్వలు దూరకుండా మణికట్టుకు తడిగుడ్డ చుట్టడం అక్కడ తాతలనాటి పద్ధతట. పద్నాలుగేళ్లలో నేను చూడలేదు. పరీక్షలకు వాళ్లు నా గదికి గుడ్డ విప్పి, చేతులు కడుక్కునే వచ్చేవారు. గడియారం చర్మానికి తగలాలని ముందే చెప్పానుగా అని గట్టిగా అడిగాను. సన్యాసి నెమ్మదిగానే జవాబిచ్చాడు.

"గుడ్డ తీసేత్తే రవ్వ దూరిపోతాదమ్మా. షిఫ్టులో గడియారం తియ్యొద్దన్నారు. ఎట్టుకునే ఉన్నాం. నంబరొత్తంది కదా, బాగానే ఉందనుకున్నాం."

నేనూ అలాగే అనుకున్నాను. వెలుతురులో చిన్న చిన్న కదలికలు దొరికితే చాలు, ఆ యంత్రం వాటిలోంచే ఒక లయను వెతికి పట్టుకుంటుందని ఆ తరువాత చదివి తెలుసుకున్నాను. దానికి మనిషీ గుడ్డా తేడా తెలియదు. నెలరోజులకు పైగా నేను మురిసిన నిదానమైన గుండెలన్నీ తువ్వాలు ముక్కలవి.

నాలుగో రోజున ఆసుపత్రికి వెళ్లాను. అప్పలరాజు దిండుకానుకుని కూర్చున్నాడు. ఎలా ఉందని అడిగితే జవాబు చెప్పకుండా, ఫోనొచ్చినప్పుడు గడియారం ఎంత చూపించిందని ఎదురడిగాడు. ఎనభై రెండని చెప్పాను.

"గుండి దడగుందని నాను సెప్పినాను కదమ్మా. మీరు దాన్నడిగినారు. నన్నడగనేదు."

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నాకు తేలికగా ఉండేది.

విచారణ నివేదిక నా సంతకం కోసం వచ్చింది. కార్మికుడు పరికరాన్ని సరిగా ధరించకపోవడం కారణమని అందులో రాశారు. నేను సంతకం పెట్టలేదు. పరికరాన్ని కొలిమి దగ్గర పరీక్షించకుండా ఎంపిక చేసింది మెడికల్ ఆఫీసరని, తప్పుడు అంకెల మీద విశ్రాంతి తగ్గుతుంటే ఊరుకున్నదీ ఆవిడేనని, ఫోన్ వచ్చినా వెళ్లి చూడనిదీ ఆవిడేనని విడిగా రెండు పేజీలు రాసిచ్చాను. సేఫ్టీ ఆఫీసరు నాతో మాట్లాడటం మానేశాడు. నాకు మెమో వచ్చింది. ఇరవై నిమిషాల విశ్రాంతి తిరిగొచ్చింది. గడియారాలు తీసేసి ఛాతీ పట్టీలు తెప్పించాం, ఈసారి కొలిమి ముందే కట్టి చూశాం. అప్పలరాజును మళ్లీ కొలిమికి పంపడానికి వీల్లేదని సంతకం పెట్టింది కూడా నేనే. స్టోర్సులో వేశారు. అక్కడ ఓవర్‌టైము లేదు, దాంతో చేతికొచ్చే జీతమూ తగ్గింది. ఆ నష్టం నేను పూడ్చలేకపోయాను.

నడకకు ఏది కొనాలని ఇప్పటికీ చాలామంది నన్ను అడుగుతుంటారు. మామూలు నడకకూ, రోజువారీకీ గడియారం చాలు. మణికట్టు ఎముకకు కాస్త పైన, చర్మానికి అంటేలా, కదలకుండా కట్టుకోవాలి. పరుగూ బరువులూ చేసేవాళ్లకు ఛాతీ పట్టీ మేలు. ఏది కొన్నా, మీరు వాడే చోటే, మీరు చెమట పట్టి ఉన్నప్పుడే, రెండు వేళ్లతో నాడి పట్టుకుని అర నిమిషం లెక్కపెట్టి దాంతో పోల్చి చూడండి. ఒంట్లో బాగోలేదని మనిషి చెబుతూ, బాగుందని అంకె చెబుతుంటే మనిషినే నమ్మండి.

నా గది నుంచి కొలిమికి నాలుగు నిమిషాల నడక. రిటైరయ్యే ముందు రోజు గడియారం చూసుకుని మరీ నడిచాను.