చుట్టాలకని ఊడ్చిన చెలక

నారాయణఖేడ్ నుంచి మనూర్ పోయే బాటలో సంగప్ప కంది చెలక ఏదని అడిగితే, గట్టు మీద కూడా గడ్డి మొలవని చెలక ఎక్కడ కనబడితే అక్కడ దిగండి అని చెప్తారు. వాళ్లు నవ్వుతూ చెప్తారు, ఆయన మాత్రం అది మెచ్చుకోలనే అనుకుంటాడు. కొందరు మగవాళ్లు పొద్దున లేవగానే అద్దంలో మీసం చూసుకుంటారు. సంగప్ప పోయి గట్టు చూసుకుంటాడు.

అంతటి మనిషికి ఒక్కటే కొరత. మనవరాలు రమ్యశ్రీ రెండో తరగతి. ఒకే ఇంట్లో ఉంటుంది, తాత కంచంలోనే తింటుంది, కానీ చెలకకు రమ్మంటే రాదు. అక్కడ ఏముంటుందని అడుగుతుంది. కంది ఉంటుందంటే, పప్పు ఇంట్లో డబ్బాలో ఉంది కదా అంటుంది.

దసరా సెలవుల్లో ఆమె బడి పంతులమ్మ సంధ్యారాణి ఒక కొత్త ముచ్చట తెచ్చింది. చిన్న పిల్లలను పొద్దటి నుంచి సాయంత్రం దాకా ఒక చెలకలో ఉంచి చెట్లు, పురుగులు, పిట్టలు చూపిస్తారట. దాని పేరు నేచర్ క్యాంపు. ఎక్కడో పిల్లలు బురదలో చేతులు పెట్టి ఆడుతుంటే ఆమె ఫోనులో చూసిందట, మనూళ్లో బురదకేం తక్కువ అనుకుందట. చెలక కావాలని వచ్చి అడిగితే, ఆమె చాయ్ తాగడం అయిపోకముందే సంగప్ప ఒప్పేసుకున్నాడు. మనవరాలు ఒక్కసారి వచ్చి చూస్తే చాలు, మళ్లీ తనే వస్తానంటుందని ఆయన ఆశ.

మేడం చెప్పింది ఆయన వినలేదని కాదు. పురుగుల మాటా విన్నాడు, పిట్టల మాటా విన్నాడు. అయితే చుట్టాలు వస్తున్నారంటే వాకిలి ఊడ్చని కొంప ఈ తావున ఎక్కడైనా ఉందా? చెలక మాత్రం వాకిలి కాదా?

కూలీలను పెట్టి గట్లన్నీ మళ్లీ గీకించాడు. మూలమూలల్లో మిగిలిన తంగేడు, గునుగు కోయించి బతుకమ్మకని వాడకట్టంతా పంచిపెట్టాడు. తుమ్మచెట్టుకున్న తేనెతుట్టెకు పొగ పెట్టించాడు. పిట్టలు పిల్లల మీద రెట్టలు వేస్తాయని చుట్టూ మెరిసే రిబ్బన్లు కట్టించాడు. పాముల పుట్టను తవ్వితే పాపమని దాని చుట్టూ టెంటు గుడ్డ కట్టించాడు. మర్నాడు క్యాంపుకు వచ్చిన ఇద్దరు తల్లులు అది బాత్రూమనుకొని పోయి వచ్చారు. వాళ్లు లోపల ఏం చూశారో ఎవరికీ చెప్పలేదు. ఇవి చాలవని షామియానా, ఎర్ర కుర్చీలు, పాటల బాక్సు తెప్పించాడు.

భార్య సత్తెమ్మ నడుము మీద చెయ్యి పెట్టుకొని చూసింది.

"పోరగాళ్లు మట్టి జూడనీకి వస్తరంట. నువ్వేమో మట్టి మీద జంపఖాన పరుస్తున్నవ్. పెండ్లి ఎవలిది?"

బోరంచ నల్లపోచమ్మ గుడికి వండుకొని తినడానికి పోతే చెట్టు కింద జాగా ఊడ్చుకోమా అని ఆయన వాదించాడు. అక్కడికి తిననీకి పోతాం, చూడనీకి కాదని ఆమె అంది.

క్యాంపు రోజు తాహెర్ ఆటోలో పిల్లలు దిగారు. ఆటో ఎక్కించి వెళ్లిపొమ్మన్నా వినకుండా తల్లిదండ్రులు బండ్ల మీద వెనకాలే వచ్చారు. ప్రతి పిల్లకూ టోపీ, సాక్సులు, అరికాలికి దిష్టిచుక్క. ఒక తండ్రి మట్టి శుభ్రమైనదేనా అని అడిగితే, కడిగినట్టుంటదని సంగప్ప భరోసా ఇచ్చాడు.

మేడం పిల్లలను పిలిచి, తలా ఒక పురుగు, ఒక పువ్వు, ఒక ఈక వెతికి తెమ్మంది. పిల్లలు చెలకంతా తిరిగి కంది ఆకు తెచ్చారు. అందరూ కంది ఆకే తెచ్చారు. కంది ఇంకా పూతకు రాలేదు మరి. ఆకాష్ అనే తెలివైనవాడు షామియానా గుంజకున్న ప్లాస్టిక్ గులాబీ పీక్కొచ్చాడు, వాడికి చప్పట్లు కొట్టారు. ఇక చేసేదేం లేక మేడం ఫోను తీసి సీతాకోకచిలుకలు చూపించింది, బాక్సులో నెమలి అరుపు పెట్టింది. పిల్లలు చెలక నడుమ కూర్చొని ఫోను చూస్తుంటే తల్లిదండ్రులు ఆ ప్రకృతినంతా ఫొటోలు తీసుకున్నారు.

రమ్యశ్రీ వచ్చి తాత పంచె పట్టి గుంజింది.

"తాతా, గిదంత ఇంట్ల గూడ జూడొచ్చు గదా. పోదాం పా."

ఇప్పుడు పోతే ఈ పిల్ల మళ్లీ రాదని సంగప్పకు అర్థమైంది. సరిగ్గా అప్పుడే పక్క చెలకలోంచి పిట్టల గుంపు బుర్రుమని లేచింది. పిల్లలందరి తలలూ అటు తిరిగాయి.

అది దుర్గేశ్ చెలక. కలుపు మోకాలు దాటి ఉంది. బద్ధకానికి చెయ్యీ కాలూ వస్తే దుర్గేశ్ అవుతాడని ఊళ్లో ప్రతి చాయ్ బండి దగ్గరా చెప్పింది సంగప్పే. ఇప్పుడు ఆయనే గట్టు దాకా నడిచాడు. ఆటోకు ఆనుకొని తాహెర్ చూస్తున్నాడు. ఇక్కడేం జరిగినా పిల్లలకన్నా ముందు ఆ ముచ్చట బస్ డిపో చేరుతుంది. అయినా మనవరాలి ముఖం చూసి, పిల్లలను నీ చెలకలోకి రానియ్యమని అవతల నిలబడి చూస్తున్న దుర్గేశ్‌ను అడిగాడు.

దుర్గేశ్ రెండు చేతులూ అడ్డం పెట్టాడు.

"వద్దన్నా. కలుపు తియ్యలే. గింతమంది ముంగట నా ఇజ్జత్ తియ్యకు. రెండొద్దులు ఆగు, గీకిస్త."

"గీకకు," అన్నాడు సంగప్ప. పల్లేరుకాయ మింగినట్టు గొంతు సవరించుకొని, "నీ గడ్డి మంచిగున్నది," అన్నాడు.

"పటేలా, ఇంకోపారి చెప్పు, సరిగ్గ ఇనబడలే," అన్నాడు తాహెర్.

పాములుంటే పక్కకు పోయేలా కట్టెతో నేల తడుతూ దుర్గేశ్ ముందు నడిచాడు, పిల్లలు వెనక దూరారు. మిడతలు చిటచిటా ఎగిరాయి. గొల్లభామను చూసి ఆకాష్ గులాబీ పారేశాడు. సాక్సులు, సాక్సులు అని గట్టు మీది తల్లులు అరుస్తూనే ఉన్నారు. మేడం కూడా చెప్పులు విడిచి ఒక మిడత వెంట పరుగెత్తింది. ఇంకో మిడత వచ్చి రమ్యశ్రీ జడ మీద వాలింది. ఆ పిల్ల ఊపిరి బిగబట్టి, కదలకుండా, కళ్లు మాత్రం పక్కకు తిప్పి నిలబడింది. కందిచేను ఎంత బాగా కాసినా సంగప్ప ఇంట్లో ఎవరి ముఖమూ ఎన్నడూ అట్లా వెలగలేదు.

సాయంత్రం తిరిగి పోతుంటే ఆటోలో సత్తెమ్మ మనవరాలి గౌనుకు అంటిన ఉత్తరేణి గింజలు ఏరుతూ కూర్చుంది.

"తాతా, మళ్ల పోదామా?" అంది రమ్యశ్రీ.

ఎక్కడికో ఆయనకు తెలుసు. అయినా ఆశ చావక, "యాడికి?" అన్నాడు.

"దుర్గేశ్ తాత చెలకకు."

ముందు సీట్లో తాహెర్ భుజాలు ఊగాయి.

"పోదాం బిడ్డా," అన్నాడు సంగప్ప. "గని మన చెలక మీదికెల్లి నడుసుకుంట పోవాలె."