ఉల్లిగడ్డ మీకు, పుట్టగొడుగు నాకు

నేను డాక్టరును కావలసినవాణ్ణి. యాభై ఏళ్లకు పైగా కోయిలకుంట్ల కొట్లో చింతపండు తూస్తూ కూర్చున్నానంటే కారణం ఒక పుట్టగొడుగు. మీరు నవ్వుకోండి, నాకు మాత్రం ఇంకా ఒళ్లు మండుతూనే ఉంది.

తెల్లదొరలు ఇంకా వెళ్లని రోజులు. "కర్నూలు కాలేజీలో సైన్సు సీటొస్తే డాక్టరు చదువుకు పో, రాకుంటే వచ్చి కొట్లో కూర్చో" అన్నాడు నాయన. నేను కొత్త చొక్కా తొడుక్కుని వెళ్లాను.

పరీక్ష చేసేది దావీదు అయ్యవారు. బల్ల మీద రెండు పళ్లేలు పెట్టారు. ఒకటి వృక్షరాజ్యం, రెండోది జంతురాజ్యం. ప్రాణమున్నది ఏదైనా ఈ రెండింటిలోనే ఇమడాలట! మా కొట్లో దినుసుకొక డబ్బా ఉండగా, సృష్టి మొత్తానికి రెండే పళ్లేలా?

వేపరెమ్మను ఒకదాంట్లో, సీసాలోని తేలును ఇంకోదాంట్లో పెట్టాను. పుట్టగొడుగును తేలు పక్కన పెట్టాను.

"ఏమప్పా, ఆడ పెట్టినావే?"

"నీచు గద సార్. మా అవ్వ పొయ్యికాడికే రానీదు."

"మీ అవ్వ తిననివన్నీ జంతువులేనా?"

"అవును సార్."

"ఉల్లిగడ్డ తింటుందా?"

తాత పోయినప్పటి నుంచి అవ్వ ఉల్లిగడ్డ ముట్టలేదు. ఇంకొకడైతే అక్కడే నాలుక కరుచుకునేవాడు. నేను కొట్లో పెరిగినవాణ్ణి. చెప్పిన ధర మీంచి మొదటి మాటకే దిగితే మా వంశానికే తలవంపు.

"అదీ జంతువే సార్!"

తలుపు దగ్గర వంతు కోసం నిలబడ్డవాళ్లు గొల్లుమన్నారు.

"దానికి కాళ్లు యాడుండాయప్పా?"

"మీసాలుండాయి గద సార్, కింద!"

అయ్యవారి ముఖం పచ్చిమిరప రంగు నుంచి ఎండుమిరప రంగుకు తిరిగింది. బేరం చెడుతోందని గ్రహించి, మా నాయన చేసే పనే చేశాను.

"మీ మాటా వద్దు, నా మాటా వద్దు సార్. ఉల్లిగడ్డ మీకిడుస్తా. పుట్టగొడుగు నాకిడ్సండి."

"ఇదేమన్నా సంతనుకుంటాండావా?"

"పోనీ, తేలు గూడా మీరే తీసుకోండి!"

సీటు రాలేదని వేరే చెప్పాలా? ఇంటికొస్తే నాయన కొట్లో నాకోసం గోనెసంచి పరిచాడు. అవ్వ మాత్రం మండిపడింది.

"పుట్టగొడుగు చెట్టంట్నాడా? దానికి పచ్చదనం యాడుండాది? ఆకుండాదా, పువ్వుండాదా? ఆయప్పకు చదువు శానా ఉండొచ్చు, కండ్లు లేవు!"

మొన్న నా మనవరాలు బడి పుస్తకం చదువుతూ అంది: "తాతా, పుట్టగొడుగు మొక్క కాదంట. ఆకుపచ్చదనం లేదు, దాని తిండి అది చేసుకోలేదు. దానికి వేరే రాజ్యమే ఇచ్చినారు. జంతువులకే దగ్గరి చుట్టమంట."

చూశారా అన్యాయం! ఇప్పుడు రాజ్యాలు ఎన్నో, వాటిపైన మూడు సామ్రాజ్యాలట. అన్ని పళ్లేలు దాచిపెట్టి, ఆనాడు నా ముందు రెండే పెట్టారు! అక్షరం రాని మా అవ్వ పొయ్యి దగ్గరే తేల్చిన సంగతి పుస్తకాలు రాసేవాళ్లకు తెలియడానికి ఇన్నేళ్లు పట్టింది.

గొంతు తగ్గించి, ఆశగా అడిగాను: "మరి ఉల్లిగడ్డ?"

"అది మొక్కే తాతా."

కాబట్టి తక్కెడ మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. ఇకపై ఏ అయ్యవారు పిలిచినా పుట్టగొడుగు మీద వీసమెత్తు దిగను. ఉల్లిగడ్డను మాత్రం ప్రాణం పోయినా వెనకేసుకురాను.