తారు కలిపిన నూనె

నేల మీద పరుచుకున్న మరిగే నూనె పొయ్యి కిందికి పోతోందని చూసి సన్యాసమ్మ ముందు గ్యాసు కట్టేసింది. ఆ తర్వాతే మొగుడి వైపు తిరిగింది. కాశీరావు గోడకి ఆనుకుని, కాలిన తొడ రెండు చేతులా పట్టుకుని అరుస్తున్నాడు. లుంగీ తియ్యబోతే దాంతోపాటు చర్మం ఊడొచ్చింది.

"నేను చస్తుంటే దీనికి గ్యాసు ముఖ్యమైందండీ," అని ఆసుపత్రిలో పక్క మంచం ఆయనకి చెప్పుకున్నాడు.

"కట్టకపోతే నువ్వూ నేనూ కొట్టూ కలిసే కాలేవాళ్లం. అప్పుడు ఎవరికి చెప్పుకునేవాడివి?" అంది సన్యాసమ్మ.

భవానీపురంలో కృష్ణ ఒడ్డుకి దిగే సందులో వాళ్లది చేపల వేపుడు కొట్టు. మధ్యాహ్నం లారీ డ్రైవర్లు, సాయంత్రం పడవల వాళ్లు. ఒడ్డున కాశీరావుకీ ఒక చిన్న పడవ ఉంది. వాము దంచి కలిపిన కారప్పిండి పట్టించి శీలావతి చేప ముక్కలు వేపితే, రాలిన పిండంతా అడుక్కి చేరి మాడుతుంది. అది తియ్యకుండా మళ్లీ వేపితే ముక్క చేదెక్కుతుంది. అందుకని మధ్యాహ్నం బేరం అవగానే ఇద్దరూ చెరో పక్కా మూకుడు ఎత్తి, పాత చీర గుడ్డలోంచి నూనెని డబ్బాలోకి వంచేవాళ్లు. చల్లారేదాకా ఆగితే సాయంత్రం బేరం పోయినట్టే. ఏళ్ల తరబడి అలాగే వంచారు. ఆ రోజు గుడ్డ జారింది.

ఇక మూకుడు ఎత్తేది లేదని సన్యాసమ్మ పట్టుబట్టింది. లక్ష్మీకాంత్ అనే అమ్మకాల కుర్రాడు రెండు రకాల ఫిల్టర్ మిషన్లు వ్యానులో వేసుకొచ్చి కొట్టు ముందు దించాడు. మొదటిది వేడి నూనెని గొట్టంతో లాగి, స్టీలు జల్లెడ, దళసరి కాగితం దాటించి తిరిగి మూకుట్లో పోసింది. మాడిన పిండంతా పోయింది గానీ రంగు మటుకు డికాక్షన్ రంగే. రెండోదాన్లో ఏదో తెల్లపొడి పోశాడు. ఈసారి నూనె బంగారంలా వచ్చింది.

"అక్కా, ఇదే తీసుకో," అన్నాడు సన్యాసమ్మ తమ్ముడు మణికుమార్. అతను ట్రాలీ ఆటో వేసుకుని హోటళ్లలో వాడేసిన నూనె పోగుచేస్తాడు. సబ్బుల ఫ్యాక్టరీకి పోస్తానంటాడు. "జనం కళ్లతో తింటారే. ఆ పొడి ఖర్చు నేను పెట్టుకుంటాలే."

ఆసుపత్రి నుంచి వచ్చి కొట్టు లోపల మంచం మీద పడుకున్న కాశీరావు తల ఎత్తాడు. "వీడు జేబులో చెయ్యి పెట్టాడంటే, అది ఎవడి జేబో చూసుకోండి."

లక్ష్మీకాంత్ కాస్త నసిగాడు. "పొడితో రంగు పోద్దండీ. పాతబడింది పాతబడినట్టే ఉంటది. ముక్క వెయ్యగానే నురగ పొంగిందంటే పారబోసెయ్యాలి. అది మాత్రం మర్చిపోకండమ్మా."

సన్యాసమ్మ విన్నది. వింటూనే ఆ బంగారం వైపు చూస్తోంది. చేపల కొట్టంటే మసి మూకుడని ముక్కు మూసుకుని పోయేవాళ్లని పుట్టినప్పట్నుంచీ చూసిన మనిషి. రెండోదే దించమంది.

కుర్రాడు చెప్పిన మాట మర్చిపోలేదు. నురగ పొంగిన నూనెలో మళ్లీ ముక్క వెయ్యలేదు. ఆఖరిసారి మిషన్లో తిప్పి, తళతళలాడించి మణికి ఇచ్చేది. శుభ్రంగా ఉంటేనే సబ్బుల వాళ్లు తీసుకుంటారని వాడన్నాడు. నిజమే కాబోలనుకుంది.

భవానీ దీక్షల రోజులొచ్చాయి. అమ్మవారి కొండకి పోయే ఎర్రబట్టలతో రోడ్డంతా నిండిపోయింది. సందు మొగలో పద్మావతమ్మగారి బజ్జీల బండి. మొగుడు పోయాక ఆ బండి మీదే బతుకుతోందావిడ. ఆ సాయంత్రం కేకలు వినబడి సన్యాసమ్మ ముక్కలు దేవే జల్లిగంటతోనే బయటికి పరిగెత్తింది.

"నీసు కంపు! దీక్షలో ఉన్నవాళ్లకి చేపల నూనె పెడతావే?" అని ఒకడు బజ్జీ ఆవిడ మొహాన కొట్టాడు.

"మంచి నూనె బాబూ, అమ్మవారి తోడు, డబ్బా కొన్నాను బాబూ."

"ముసలావిడరా! ఆగండ్రా!" అని మాల వేసుకున్న పెద్దాయన ఒకాయన అడ్డం పడ్డాడు. ఆయన్నీ తోసేశారు. ఎవడో బండిని తన్నాడు. బండి ఒరిగింది. మూకుడు బోర్లాపడింది. పద్మావతమ్మగారి రెండు పాదాలూ నూనెలో మునిగి చిటచిటమన్నాయి. తన్నినవాళ్లు ఆ చప్పుడుకే పారిపోయారు.

సన్యాసమ్మ బిందెడు నీళ్లు ఆ కాళ్ల మీద కుమ్మరించింది. వంగినప్పుడు తగిలింది వాసన. కాగిన శీలావతి, దంచిన వాము. చల్లటి డబ్బాలో దాగున్న వాసన కాగేసరికి పైకొచ్చింది.

"ఎవరిచ్చారు పిన్నిగారూ ఈ డబ్బా?"

"మీ మణే కదుటే," అని మూలిగింది ఆవిడ.

మర్నాడు డబ్బా కోసం మణి వచ్చాడు. లోపలికి అడుగు పెట్టగానే సన్యాసమ్మ జల్లిగంట తిరగేసి మొహం మీద కొట్టింది. కనుబొమ చిట్లింది.

"పిచ్చెక్కిందా? ఆ బండిని తన్నింది నేనా?"

"నూనె నాదిరా! దానికి రంగు తెచ్చింది నేనురా!"

"నువ్వివ్వకపోతే ఊళ్లో హోటళ్లు లేవా? నోరు తెరిచావంటే కొట్టు తగలబెడతా." జుట్టు పట్టి ఆమె తలని మిషన్‌కేసి బాదాడు. ఒకసారి కాదు. గరిటె ఆమె చేతికి దొరికింది. మూకుట్లో ముంచి, మరిగే నూనెతో వాడి మొహం ముందు ఎత్తి పట్టుకుంది. మణి జుట్టు వదిలి వెనక్కి తగ్గాడు. కాశీరావు పడవ తెడ్డు పుచ్చుకుని కాలు ఈడుస్తూ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఆ తొడ మీద మాంసం ఇంకా ఎర్రగానే ఉంది. సన్యాసమ్మ దాని వైపు చూసింది. గరిటె మెల్లగా మూకుట్లోకి దించేసింది.

పక్క పొయ్యి మీద, పడవ అడుక్కి పూయడానికి కాశీరావు కాస్తున్న తారు ఉంది. గుడ్డతో పట్టుకుని తెచ్చి, మణి కోసం ఉంచిన డబ్బాలోని బంగారం లాంటి నూనెలో వంచింది. డబ్బా అంతా నల్లగా సుడి తిరిగింది. మణి పిడికిలి ఆమె నోటి మీద పడింది. పన్ను ఊడింది. దాన్ని డబ్బాలోకే ఉమ్మింది.

"తీసుకుపోరా. ఇప్పుడమ్ముకో."

కాశీరావు తెడ్డుతో మణి వీపు మీద ఒక్కటిచ్చాడు. వాడు బూతులు తిడుతూ ఆటో తోలుకుపోయాడు. మళ్లీ రాలేదు.

పొడి మిషన్ ఇచ్చేసి మొదటిదాన్నే తెచ్చుకుంది సన్యాసమ్మ. పద్మావతమ్మగారు ఆసుపత్రి నుంచి వచ్చాక, వాచిన మొహంతోనే వెళ్లి జరిగింది చెప్పింది. ఆవిడ అంతా విని, చేతికర్ర ఎత్తి భుజం మీద బలంగా కొట్టింది. సన్యాసమ్మ కదల్లేదు. రెండో దెబ్బకి కర్ర జారిపోయింది.

"ఇప్పుడా పాడు నూనె ఏం చేస్తున్నావే?" అంది ఆవిడ రొప్పుతూ.

"తారు కలిపి పడవల వాళ్లకి పోస్తున్నా పిన్నిగారూ."

"అబద్ధం. నా కళ్ల ముందు కలుపు."

అప్పట్నుంచీ నూనె నురగ కట్టిన ప్రతిసారీ సన్యాసమ్మ కబురు పెట్టేది. పద్మావతమ్మగారు బిరుసెక్కిన పాదాలతో గోడ పట్టుకుంటూ వచ్చి స్టూలు మీద కూర్చునేది. డబ్బాలో తారు కలవని నూనె చుక్క ఒక్కటి కనబడకుండా పోయేదాకా లేచేది కాదు.