కుంకుమ పెట్టిన వాల్యూమ్

మా ఆర్కెస్ట్రాలో ప్రోగ్రాముకు ముందు గిటారు యాంప్లిఫయర్‌కు పూజ జరిగేది. లీడరు దాని వాల్యూమ్ నాబ్‌ను ఎంతవరకు తిరిగితే అంతవరకు తిప్పి, ఆ నాబ్ నెత్తిన కుంకుమ బొట్టు పెట్టి, కర్పూరం చూపించేవారు. ఆ తర్వాత దాన్నెవరూ ముట్టుకోకూడదు. ఇక తగ్గించడమంటే పెళ్లింట్లో దీపం ఊదేసినంత పాపం. ఆయన అకార్డియన్ బాగా వాయించేవారు. భయపెట్టడం ఇంకా బాగా వచ్చు.

నేను తిరుపతిలో ఫిజిక్స్ ఎమ్మెస్సీ పూర్తిచేసి, ఉద్యోగం కోసం ఎదురుచూస్తూ అందులో గిటారు వాయించేవాణ్ణి. ఉద్యోగం నా కోసం ఎదురుచూస్తున్న జాడలేవీ లేవు. నేను ఆలస్యంగా వస్తే కనీసం తిట్టడానికైనా మనుషులున్న చోటు ఆ ఆర్కెస్ట్రా ఒక్కటే.

దానికే ఎసరు వచ్చింది. ఒక పాట మధ్యలో గిటారు ఒక్కటే వాయించాల్సిన బిట్ ఉండేది. డ్రమ్స్, తబలాల హోరులో అది వేదిక దాటేది కాదు.

“చిత్తూరు పెండ్లిలో సూస్తా. ఆ బిట్టు ఆడ కూర్చున్నోళ్లకు ఇనపడకపోతే, అకార్డియన్‌లో నేనే వాయించుకుంటా. నువ్వు మళ్లా శ్రమపడి బస్సెక్కే పన్లేదప్పా,” అన్నారు లీడరు.

ఆయన మర్యాదగా మాట్లాడినప్పుడే నాకు ఎక్కువ భయం.

ఒక ట్రాన్సిస్టర్, ఒక బ్యాటరీ, ఒక అల్యూమినియం సబ్బు డబ్బా పోగేసి బూస్టర్ తయారుచేశాను. కాలితో తొక్కడానికి లారీ హెడ్‌లైట్ల డిమ్మర్ స్విచ్ బిగించాను. లీడరు మద్రాసు నుంచి తెప్పించిన ఫజ్ పెట్టె ఒకటుండేది, అది గిటారు గొంతును బొంగురు చేస్తుంది. నా డబ్బా గొంతు మార్చదు, గట్టిగా పలికిస్తుంది, అంతే. ఫజ్‌కు ముందు తగిలిస్తే బొంగురే ఎక్కువైంది. తర్వాత తగిలిస్తే శబ్దం పెరిగింది. బిట్ వాయించేటప్పుడు ఎలాగూ ఫజ్ ఆపేస్తాను. ఇంట్లో రేడియోకు కలిపి, వాల్యూమ్ సగంలో పెట్టి తొక్కి చూశాను. “ఏమిరా కూలింది?” అంటూ నాయన వీధిలోంచి పరుగెత్తుకొచ్చాడు. అంతకంటే నిరూపణ అక్కర్లేదనుకున్నాను.

చిత్తూరులో మామిడికాయల మండీ యజమాని కూతురి పెళ్లి రిసెప్షన్. సాయంత్రం పందిట్లో యాంప్లిఫయర్ పూజ అయ్యాక డబ్బా తొక్కి చూశాను. శబ్దం పిసరంతైనా పెరగలేదు. గోనెసంచి చించినట్టు బర్రుమంది.

“సబ్బు డబ్బా ఉరిమింది గానీ, వాన పడల్యా!” అన్నారు లీడరు.

అందరూ నవ్వారు. నా పళ్లు ఒకదానికొకటి కొట్టుకుంటున్నాయి కాబట్టి నేనూ నవ్వినట్టే కనపడి ఉంటాను.

కారణం అప్పుడు తట్టింది. నిండిన బిందెలో ఇంకో చెంబు పోస్తే నీళ్లు పెరగవు, పొర్లుతాయి. యాంప్లిఫయర్ ముందే నిండి ఉంది. తగ్గిస్తే తప్ప పెంచడానికి చోటు లేదు. తగ్గించాల్సిన నాబ్ మీద బొట్టు, దాని పక్కన లీడరు.

“అన్నా, దీన్ని రవంత తగ్గిస్తే బిట్టు బాగా ఇనపడుతుంది,” అన్నాను, నాకే వినపడనంత మెల్లగా.

“తగ్గిస్తే పెరుగుతాదా? ఎమ్మెస్సీలో ఇదేనా సెప్పినారు? పెండ్లికూతురి నాయన ఈడే ఉండాడు. నువ్వు బొట్టు మీద సెయ్యి పెడతావని ఆయప్పకు సెప్పేదా?”

పెళ్లికూతురి నాయన మండీలో ఒక కేక వేస్తే బండెద్దులు కూర్చుండిపోతాయని ప్రతీతి. వద్దన్నాను.

పాట మొదలైంది. ఈ బిట్ పోతే రేపు ఎక్కడికి పోవాలో తోచడం లేదు. కిందికి చూస్తే గిటారుకూ ఒక వాల్యూమ్ నాబ్ ఉంది. దానికెవరూ బొట్టు పెట్టలేదు. బిందెలో పోసే నీళ్లనే తగ్గించినట్టు, సగానికి తిప్పేశాను.

గిటారు గుసగుసలోకి దిగిపోయింది. లీడరు తల తిప్పి చూశారు. పల్లవి అయ్యాక మళ్లీ చూశారు. ఈసారి కళ్లు తిప్పుకోలేదు. వెనకనుంచి డ్రమ్స్ వాయించే స్నేహితుడు, “ఏమ్రా, ప్రాణం ఉండాదా?” అన్నాడు. నాకే రూఢిగా తెలియదు.

చరణం ముగుస్తుండగా కాలు డబ్బా మీద పెట్టాను. కాలు వణుకుతోంది. ఆ వణుక్కి స్విచ్ రెండుసార్లు పడితే బూస్టర్ వెలిగి ఆరిపోతుంది. పాము తల తొక్కేవాడిలా ఒక్కటే తొక్కు తొక్కాను.

బర్రుమనలేదు. అంతసేపూ గుసగుసలాడిన గిటారు ఒక్కసారిగా స్వచ్ఛంగా, గట్టిగా పలికింది. పందిట్లో మాటలు ఆగిపోయాయి. పెళ్లికూతురి నాయన లేచి నిలబడి నా వైపే చూస్తున్నాడు. ఆయన కేక వేయకముందే నేను బండెద్దులా కూర్చుండిపోతానేమో అనిపించింది.

“బాగుండాదే! ఆ గిటారు ముక్క ఇంగొక తూరి వాయించమనప్పా!” అని కేక వేశాడు.

వాయించాను.

తిరుగు బస్సులో లీడరు నా పక్కన కూర్చుని, “ఏమో అనుకున్యా, సబ్బు డబ్బాలో సత్తా ఉండాది,” అన్నారు. గిటారు నాబ్ సంగతి చెబుదామని నోరు తెరిచాను. ఆయన ముఖం ప్రసన్నంగా ఉంది. మూసేశాను.

తర్వాతి ప్రోగ్రాములో పూజ కాస్త పెద్దదైంది. యాంప్లిఫయర్‌కు బొట్టు పెట్టాక, సబ్బు డబ్బాకూ పెట్టారు. తర్వాత నా గిటారు అందుకుని, దాని నాబ్‌ను ఎంతవరకు తిరిగితే అంతవరకు తిప్పి, దాని మీదా కుంకుమ అద్దారు.

“ఈసారి ఇంగా బాగా మోగుతాది సూడప్పా,” అని ప్రేమగా కర్పూరం వెలిగించారు.

నేను కళ్లకద్దుకున్నాను.